నలుగురికి రెండు రోజుల టెక్నికల్ డైవింగ్: ఒక్క హీలియం సిలిండరు ఎందుకు చాలదు

ప్రశ్న: కావలి దగ్గర జువ్వలదిన్నె హార్బరులో బోటు మాట్లాడుకుని నలుగురం రెండు రోజులు డైవింగ్‌కి వెళ్దామనుకుంటున్నాం. రోజుకొక డైవ్, లోతు 48 మీటర్లు, అడుగున 25 నిమిషాలు. ఎన్ని ట్యాంకులు కావాలి, ఏ సామాను సర్దుకోవాలి?

ట్యాంకుల సంఖ్య ముందే చెప్పేస్తాను. 12 లీటర్ల స్టీలు ట్యాంకులు జతగా ఉండే ట్విన్‌సెట్లు నాలుగు, పక్కకు తగిలించుకునే 11.1 లీటర్ల అల్యూమినియం ట్యాంకులు, అంటే స్టేజీలు నాలుగు, వీటికి తోడు నింపి పక్కన పెట్టుకునే స్టేజీ ఒకటి. రెండు రోజులకని ఎనిమిది ట్విన్‌సెట్లు అద్దెకు తేనక్కర్లేదు. అసలు తిప్పలు మొదటి రోజు డైవ్ ముగిసి, సాయంత్రం హార్బరు గట్టున మళ్లీ నింపుకునేటప్పుడు మొదలవుతాయి. అందరూ ట్యాంకులు ఎన్నని అడుగుతారు, నింపే సిలిండర్లలో ఒత్తిడి ఎంత మిగులుతుందో ఎవరూ అడగరు. నా జవాబంతా దాని గురించే.

ముందు మీ గ్యాసు లెక్క. 48 మీటర్ల దగ్గర ఒత్తిడి 5.8 బార్. నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ 116 లీటర్లు ఖర్చు, 25 నిమిషాలకు 2900. అక్కడి నుంచి నిమిషానికి 9 మీటర్ల చొప్పున 21 మీటర్లకు ఎక్కడానికి ఇంకో 270. ట్విన్‌సెట్ 200 బార్‌కి నింపితే 4800 లీటర్లు, మూడింట రెండు వంతులు 3200. సరిగ్గా సరిపోతుంది. మిగిలిన 1600 మీది కాదు, మీ తోడుగా దిగినవాడిది. అతని గ్యాసు అడుగున ఆగిపోయిందనుకోండి. కంగారులో ఇద్దరూ కలిసి నిమిషానికి 60 లీటర్లు పీల్చేస్తారు. అడుగున సర్దుకోవడానికి రెండు నిమిషాలు, 21 మీటర్లకు ఎక్కడానికి మూడు నిమిషాలు వేసుకుంటే 1500 అయిపోతుంది. అంచేత 25 నిమిషాలను 30 చేద్దామన్న మాట బోటు మీద రానివ్వకండి.

అడుగు గ్యాసుకి ట్రైమిక్స్ 21/35, అంటే 21 శాతం ఆక్సిజన్, 35 శాతం హీలియం, మిగతా నైట్రోజన్. 21 మీటర్ల నుంచి పైకి నైట్రాక్స్ 50, అంటే సగం ఆక్సిజన్, సగం నైట్రోజన్. పైకి వస్తూ ఎక్కడెంతసేపు ఆగాలో చెప్పే డీకంప్రెషన్ పట్టిక మీ డైవ్ కంప్యూటర్ సెట్టింగు ప్రకారం మారుతుంది గానీ అరగంట పట్టినా సగటున 2 బార్ దగ్గర 1200 లీటర్లు, దానికి సగం కలిపి 1800. 200 బార్‌కి నింపిన స్టేజీలో 2200 ఉంటాయి, చాలు. 6 మీటర్ల దగ్గర పీల్చడానికి శుద్ధ ఆక్సిజన్ ట్యాంకు కూడా వేసుకుందామని ఎవరో ఒకరు అంటారు. ఈ డైవ్‌కి వద్దు. 5.7 లీటర్ల చిన్న ట్యాంకులు నాలుగు 150 బార్ ఉన్న 46.7 లీటర్ల ఒకే ఆక్సిజన్ సిలిండరు నుంచి నింపితే మొదటిది 134 బార్ దగ్గర ఆగుతుంది, నాలుగోది 95 కూడా దాటదు. ఎవరి ట్యాంకులో ఎంతుందో గుర్తుపెట్టుకోవడం అదనపు బరువు.

ఇప్పుడు సాయంత్రం సంగతి. డైవ్ నుంచి వచ్చిన ట్విన్‌సెట్‌లో సుమారు 67 బార్ మిగిలి ఉంటుంది. దాన్ని మళ్లీ 200 బార్ 21/35 చెయ్యాలంటే ఆక్సిజన్ 12.3 బార్, హీలియం 46.5 బార్, మిగతా 74 బార్ గాలి. హీలియం ఒక్కో సెట్‌కి 1117 లీటర్లు, నలుగురికీ 4470. 46.7 లీటర్ల పెద్ద సిలిండరు 150 బార్ దగ్గర 7000 లీటర్లు ఇస్తుంది కాబట్టి ఒక్కటి చాలని కాగితం చెబుతుంది. గట్టు మీద అది చాలదు. లెక్క సులువు కావాలని ఇక్కడ హీలియం ముందు ఎక్కిస్తున్నానని అనుకోండి. మొదటి సెట్ 67 నుంచి 113.5కి చేరాలి, చేరుతుంది, సిలిండరు 126కి దిగుతుంది. రెండో సెట్‌కి గ్యాసు వదిలితే రెండు వైపులా 106 దగ్గర సమమై ఆగిపోతుంది. సిలిండరులో సగానికి పైగా హీలియం ఉంటుంది, కానీ ఒక్క బార్ కూడా కదలదు. గ్యాసును ఎక్కువ ఒత్తిడికి తోసే బూస్టర్ పంపు లేకపోతే అంతే.

అందుకే హీలియం సిలిండర్లు కనీసం రెండు తీసుకోండి, ఒకటి అయిపోయాక రెండోది అన్నట్టు వాడకండి. ప్రతి సెట్‌నీ ముందు తక్కువ ఒత్తిడి సిలిండరుతో కలపండి, అది ఎంతవరకు ఎక్కిస్తే అంతవరకు ఎక్కించి ఆపండి, మిగిలింది రెండో సిలిండరుతో పూర్తి చెయ్యండి. ఇలా చేస్తే నాలుగు సెట్లూ 113.5కి వస్తాయి. చివరికి మొదటి సిలిండరు 84 దగ్గర, రెండోది 120 దగ్గర ఉంటుంది. వరుస తప్పితే, అంటే నిండు సిలిండరే ముందు వాడేస్తే, నాలుగో సెట్ మధ్యలో నిలిచిపోతుంది. నిజంగా నింపేటప్పుడు 12 బార్ ఆక్సిజనే ముందు ఎక్కిస్తారు కాబట్టి చేరాల్సిన గీత 126కి జరుగుతుంది, ఈ ఇరుకు ఇంకా బిగిసి, రెండు సిలిండర్లతో నాలుగో సెట్ ఆ గీత దాకా రాదు. అందుకని మూడో హీలియం సిలిండరుకి డబ్బు పెట్టడానికి వెనకాడకండి. పైగా ఇవన్నీ ఆదర్శ వాయువు లెక్కలు. ఎక్కువ ఒత్తిడిలో హీలియం ఆ లెక్క కన్నా కాస్త తక్కువే పడుతుంది, కాబట్టి ఆఖరి మాట ట్యాంకులో ఏ గ్యాసు ఎంతుందో కొలిచే ఎనలైజర్‌దే.

ఆక్సిజన్‌కీ ఇదే గోల. స్టేజీలో 80 బార్ మిగిలిందనుకుంటే 44 బార్ ఆక్సిజన్ వేసి 124కి తేవాలి. కొత్త సిలిండరు రెండు స్టేజీలకు ఆ పని చేస్తుంది, మూడోది 120 దగ్గర ఆగిపోతుంది. అందుకని నిండు ఆక్సిజన్‌తో ముందు స్టేజీలు పూర్తిచేసి, ఒత్తిడి తగ్గిన సిలిండరును ట్విన్‌సెట్లకు వాడండి. వాటికి 80 బార్ చేరితే చాలు. ఆక్సిజన్ సిలిండర్లు రెండు.

మన జిల్లాలో ఆక్సిజన్ దొరకడం కష్టం కాదు. రొయ్య పిల్లల్ని సంచుల్లో పెట్టి ఆక్సిజన్ కొట్టి పంపే హ్యాచరీలు తీరం పొడుగునా ఉన్నాయి, వాళ్లకు సరఫరా చేసే డీలర్లూ ఉన్నారు. అయితే చెరువుల దగ్గర తిరిగి, పూర్తిగా ఖాళీ అయి, వాల్వు తెరిచి పడున్న సిలిండరు తీసుకోకండి. లోపల తేమ, నూనె ఏదైనా ఉండొచ్చు. డిపోలో అప్పుడే నింపిన, సీలున్న సిలిండరే అడగండి, అయిదేళ్లకోసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రో టెస్టు తేదీ మెడ మీద చూడండి. హీలియం మాత్రం చెన్నైలో ముందే చెప్పి పెట్టించుకోవాలి. మీ డైవింగ్ ట్యాంకులకు పెసో (పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) ఆమోదం లేకపోతే నిబంధనలు తెలిసిన డిపో ఏదీ నింపదు, నింపకూడదు కూడా.

శుద్ధ ఆక్సిజన్ తగిలే వాల్వులు, గొట్టాలు ఆక్సిజన్‌కి తగినట్టు శుభ్రం చేసినవై ఉండాలి. సిలికాన్ గ్రీజు వద్దు, ఆక్సిజన్‌కి పనికొచ్చే గ్రీజే వాడాలి. నీడిల్ వాల్వుతో నిమిషానికి 5 బార్ మించకుండా వదలండి. ఒక్కసారిగా వదిలితే ఆ వేగానికి లోపల పుట్టే వేడే మంట పెడుతుంది. ఈ పని గ్యాసులు కలిపే బ్లెండింగ్ కోర్సు చేసినవాళ్లు ఒక్కరే చెయ్యాలి, పక్కన ఇంకొకరు చదివి రాసుకోవాలి.

గాలి కంప్రెసర్ నిమిషానికి 100 లీటర్లదైతే నాలుగు ట్విన్‌సెట్లకు గంట పావు, స్టేజీలకు అరగంటకు పైగా, మధ్యలో చల్లారనివ్వడం కలిపితే మూడు గంటలు. మన ఉక్కపోతకి పది నిమిషాలకోసారి నీరు వదలాలి. ఫిల్టరు డబ్బా మీద రాసిన గంటలు 20 డిగ్రీలకు చెప్పినవి, మన ఎండకు సగం కూడా రాదు, కాబట్టి రెండు కొత్తవి పట్టుకెళ్లండి. గాలి పీల్చే గొట్టం డీజిల్ ఇంజన్లకు ఎదురుగాలి వైపు, ఎత్తున ఉండాలి. హార్బరులో ఈ ఒక్కటీ మరిచిపోతే ట్యాంకులోకి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. లక్షలు పోసి కంప్యూటర్లు కొనేవాళ్లు రెండో ఆక్సిజన్ సెన్సరుకి డబ్బు లెక్క చూడటం నాకు మంట. ఎనలైజర్లు రెండు ఉండాలి, ప్రతి ట్యాంకూ దాన్ని వాడే మనిషే చూసి, లోతు పరిమితి పెద్ద అంకెల్లో రాసి అంటించాలి. నైట్రాక్స్ 50కి ఆ అంకె 21.

రవాణాలో రైలు మాటే వద్దు, నిండు గ్యాసు ట్యాంకులకు అనుమతి లేదు. రోడ్డు మీద కట్టి, టార్పాలిన్ కప్పి తీసుకెళ్లండి. 27 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్న ట్యాంకు, మూసిన డిక్కీలో 57 డిగ్రీలకు వేడెక్కితే 220 అవుతుంది.

కాలం సంగతి చూసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, ఇంజను బోట్లు కట్టేసి ఉంటాయి. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు తుపాన్లు, పెన్నా ఒండ్రు నీళ్లు. ఫిబ్రవరి, మార్చి మంచివి. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం ఉందేమో కూడా కనుక్కోండి, ఆ రోజు సముద్రంలోకి వెళ్లొద్దంటారు. నిండు ట్విన్‌సెట్ 36 కిలోల పైమాటే, స్టేజీ 17, అంటే నలుగురి ట్యాంకులే 200 కిలోలు దాటతాయి. బోటు సరంగుకి ఆ బరువు ముందే చెప్పి, ట్యాంకులు నడిమధ్య పడుకోబెట్టి కట్టండి.

విడిభాగాల పెట్టెలో డిన్ రెగ్యులేటర్‌కి (ట్యాంకు వాల్వులోకి మరతో బిగించే రకం) 112 సైజు ఓ-రింగులు పది, గొట్టాల పోర్టులకు 011, 012 సైజులు నాలుగేసి, పూర్తి రెగ్యులేటర్ ఒకటి, ఇన్‌ఫ్లేటర్ గొట్టం, మాస్కు, స్పూలుతో సహా ఉపరితల బెలూన్ మనిషికొకటి.

చివరగా, మూడో ఆక్సిజన్ సిలిండరు. మాస్కు, రెగ్యులేటర్ తగిలించి బోటు మీద విడిగా ఉంచండి, నింపడానికి ముట్టుకోకండి. డీకంప్రెషన్ జబ్బు (ఒంట్లో గ్యాసు బుడగలు కట్టడం) వచ్చిన మనిషికి నిమిషానికి 15 లీటర్లు ఇవ్వాలి. జువ్వలదిన్నె నుంచి చెన్నైకి నాలుగు గంటల పైన అనుకున్నా 3600 లీటర్లు పోతాయి. ఈ జబ్బుకి మనిషిని మళ్లీ ఒత్తిడిలో ఉంచి నయం చేసే రీకంప్రెషన్ చాంబరు ఉన్న ఆసుపత్రి ఏదో, ఆ రెండు రోజులూ అది పనిచేస్తుందో లేదో బయల్దేరే ముందే ఫోన్ చేసి కనుక్కుని, నంబరు బోటు సరంగు ఫోన్‌లో కూడా ఎక్కించండి.