లైటు చూసి యూనిట్ మార్చేయకండి

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది జయపురం, బట్టల వ్యాపారం. నా దగ్గర 2012 మోడల్ డీజిల్ కారు ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. వానలు పడ్డప్పటి నుంచి ఏబీఎస్ లైటు, అంటే గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏర్పాటు లైటు, వెలుగుతోంది. తాళం తిప్పగానే వచ్చి ఆరిపోతుంది. వీధి చివరికి వెళ్లేలోగా మళ్లీ వెలిగి అలాగే ఉండిపోతుంది. బ్రేకులు మాత్రం మామూలుగానే పడుతున్నాయి. ఒక మెకానిక్ ‘ఏబీఎస్ యూనిట్ పోయింది, ముప్పై వేలు దాటుతుంది’ అన్నాడు. ఇంకొకాయన ‘బల్బు తీసేస్తే సరి, మా రోజుల్లో ఏబీఎస్ ఎక్కడిది’ అన్నాడు. నెలకోసారి కుటుంబంతో సుంకి ఘాట్ దిగి విజయనగరం వెళ్లాలి. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
— వి. ఎల్., జయపురం

జవాబు: యూనిట్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి బాబూ. బల్బు కూడా తీయించకండి.

తాళం తిప్పగానే లైటు ఆరిపోయి, బండి కదిలాక వస్తోందని రాశారు. సగం జవాబు అందులోనే ఉంది. తాళం తిప్పినప్పుడు ఏబీఎస్ యూనిట్ తనని తాను, తన వైర్లని ఓసారి పరీక్షించుకుంటుంది. ఎక్కడైనా వైరు పూర్తిగా తెగి ఉంటే సాధారణంగా లైటు అసలు ఆరదు. బండి కదిలాక నాలుగు చక్రాల దగ్గరున్న సెన్సర్లు పంపే వేగాలని పోల్చుకోవడం మొదలుపెడుతుంది. ఒక చక్రం లెక్క మిగతా మూడింటితో కలవకపోతే అప్పుడు లైటు వేస్తుంది. కాబట్టి నా అనుమానం మొదట చక్రాల మీద. చాలా బండ్లలో యూనిట్ లోపలి పంపు మోటారు పరీక్ష కూడా కదిలాకే జరుగుతుంది గనక యూనిట్‌ని పూర్తిగా వదిలేయలేం. కానీ దాని వంతు ఆఖర్న.

ముందు కోడ్ చదివించండి, అంటే బండి కంప్యూటర్ దాచుకున్న లోపం నంబరు. ఫోన్‌కి కలిపే చౌక స్కానర్లు చాలావరకు ఇంజన్ కోడ్‌లే చూపిస్తాయి. వాటిలో ఏమీ రాలేదని ‘అంతా బాగానే ఉంది’ అనుకోవద్దు. ఏబీఎస్ లోపలికి వెళ్లే స్కానర్ ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి. కోడ్ చెరిపేయకముందే స్క్రీన్ ఫొటో తీసుకోండి. తర్వాత స్కానర్ అలాగే పెట్టి, ఖాళీ రోడ్డు మీద బండిని తిన్నగా ఇరవై కిలోమీటర్ల వేగంతో నడిపించి, నాలుగు చక్రాల అంకెలు పక్కనున్నవాళ్లని చూడమనండి. మూడు ఇరవై దగ్గరుండి, ఒకటి సున్నాకి పడిపోతుంటే దొంగ దొరికినట్టే. ఏ చక్రమో తెలియకుండా ఒక్క పార్టు కూడా కొనకండి.

చక్రం తెలిశాక స్టీరింగ్ పూర్తిగా తిప్పి, టైరు వెనక సెన్సర్ వైరు ఎలా వస్తోందో టార్చి వేసి చూడండి. క్లిప్పు ఊడిపోయిన వైరు టైరుకో షాక్ అబ్జార్బర్‌కో రాసుకుని పైతొడుగు అరిగిపోతుంది. ఎండాకాలం పనిచేస్తుంది, వానకి నీళ్లు దిగి సిగ్నల్ పాడవుతుంది. వానలతోనే మొదలైందని మీరు రాయడంతో నా కన్ను మొదట దీని మీదికే పోయింది. కప్లర్ (వైర్లు కలిసే ప్లగ్గు) విప్పి చూడండి. పిన్నుల మీద పచ్చటి చిలుము కనబడితే మీ ఖర్చు చాలా తగ్గినట్టే. పొట్టంగి వైపు నుంచి బరంపురంలో నా షెడ్డుకి ఒక బండి వచ్చింది. వేరేచోట యూనిట్ మార్చాక కూడా లైటు పోలేదు. కుడివైపు ముందు చక్రం వెనక, రబ్బరు గ్రోమెట్ (వైరు దూరే రంధ్రానికి పెట్టే రింగు) లోపల, వైరు తెగీ తెగకుండా ఉంది. స్టీరింగ్ ఎడమకి తిప్పితే సిగ్నల్ పోతుంది, నిటారుగా ఉంటే వస్తుంది. ఆ యజమాని పెట్టిన డబ్బు తల్చుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

వైరు బాగుంటే సెన్సర్ మూతి చూడాలి. అందులో అయస్కాంతం ఉన్న రకమైతే డిస్క్ అరిగిన ఇనుప రజను మీసంలా అతుక్కుని ఉంటుంది. గుడ్డతో తుడిస్తే చాలు. తుప్పుకి పట్టేసిన సెన్సర్‌ని పటకారుతో లాగకండి, ప్లాస్టిక్ విరిగిపోతుంది. ముందు రస్ట్ స్ప్రే కొట్టి కాసేపు వదిలేయండి.

కొన్ని బండ్లలో ముందు చక్రాల సెన్సర్లు రెండూ ఒకటే. అలాగైతే కుడిది ఎడమకి, ఎడమది కుడికి మార్చి నడపండి. కోడ్ కూడా అటు మారితే సెన్సరే పోయింది. మారకపోతే వైరో, టోన్ రింగో (చక్రంతో పాటు తిరుగుతూ సెన్సర్‌కి వేగం తెలియజేసే రింగు), బేరింగో. పాతరకం కాయిల్ సెన్సర్‌కి మల్టీమీటర్ పెడితే సాధారణంగా 800 నుంచి 2000 ఓమ్‌ల మధ్య చూపాలి. కొత్తరకం దానికి ఓమ్ మీటర్ పెట్టకూడదు. ఏ రకమో తెలియకపోతే మీటర్ జోలికి పోవద్దు.

బేరింగ్ ఈమధ్య మార్పించారా? కొన్ని బేరింగుల్లో ఒకవైపు, నల్ల రబ్బరు సీలులా కనిపించే చోట, అయస్కాంతపు రింగ్ ఉంటుంది. అది సెన్సర్ వైపు రావాలి. తిరగేసి కొడితే బేరింగ్ చక్కగానే తిరుగుతుంది, సిగ్నల్ మాత్రం రాదు.

ఇక బల్బు సంగతి. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేసింది ఊరికే కాదు. బ్రేకు గట్టిగా తొక్కి ఉండగా కూడా స్టీరింగ్ మాట వినేలా చేయడమే దాని పెద్ద ఉపకారం. తడిసిన ఘాట్ మలుపులో ముందు చక్రాలు బిగుసుకుపోతే, మీరు స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిన్నగా లోయవైపే పోతుంది. పిల్లల్ని ఎక్కించుకుని దిగే రోడ్డది. రిపేరు అయ్యేదాకా ఘాట్‌లో రెండో గేరు వదలకండి, ముందు లారీకి బాగా దూరం ఉంచండి, వాన పడుతుంటే ప్రయాణం వాయిదా వేయండి.

ప్రశ్న: నా కారుకి ఏ లైటూ రాదు. కానీ పొడి రోడ్డు మీద కూడా, బండి ఆగబోయే ముందు బ్రేకు పెడల్ కాలికింద టకటకమని కొడుతోంది. డిస్కులు మార్చినా పోలేదు.
— ఒక పాఠకురాలు, ఛత్రపురం

జవాబు: మీది సముద్రం దగ్గరి ఊరమ్మా, నా అనుమానం తుప్పు మీద. యాక్సిల్ మీదుండే టోన్ రింగ్ కింద తుప్పు ఉబ్బి రింగ్ పగులుతుంది, లేదా సెన్సర్ కింద తుప్పు పెరిగి దాన్ని పైకి నెడుతుంది. వేగం తగ్గేకొద్దీ ఆ చక్రం సిగ్నల్ మిగతావాటికంటే ముందే పడిపోతుంది. చక్రం బిగుసుకుపోయిందని యూనిట్ పొరబడి అక్కడ బ్రేకు వదిలేస్తుంది. బజారులో మనిషి అడ్డొస్తే బండి రెండడుగులు ముందుకు జారిపోవచ్చు, కాబట్టి ఆలస్యం చేయకండి. తేల్చుకోవాలంటే ఖాళీ మైదానంలో ఏబీఎస్ ఫ్యూజ్ తీయించి నెమ్మదిగా నడిపి ఆపండి. టకటక పోతే రోగం అక్కడే. ఫ్యూజ్ తిరిగి పెట్టించి, యాక్సిల్ దింపించి రింగ్ చుట్టూ చూపించండి. పగులు వెంట్రుకంత సన్నగా ఉన్నా రింగ్ మార్చాల్సిందే.

ప్రశ్న: పసుపు ఏబీఎస్ లైటు, ఎర్ర బ్రేకు లైటు రెండూ కలిసి వస్తున్నాయి. హ్యాండ్ బ్రేకు దించే ఉంది. నడపొచ్చా?
— కె. ఆర్., రాయగడ

జవాబు: వద్దు. ముందు బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. తగ్గి ఉంటే ప్యాడ్లు అరిగాయో, ఎక్కడైనా కారుతోందో చూపించాలి. ఊరికే పోసి ఊరుకోకండి. ఆయిల్ నిండుగా ఉండి కూడా రెండూ వెలుగుతుంటే, వెనక చక్రాలకి ఎంత బ్రేకు వెళ్లాలో చూసే ఈబీడీ కూడా ఆగిపోయి ఉండొచ్చు. అప్పుడు గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే బిగుసుకుని బండి గిర్రున తిరుగుతుంది. మెకానిక్‌ని ఇంటికే పిలిపించండి, లేదా బండిని లాగించుకు వెళ్లండి.