బ్లూ నార్దర్ వచ్చేలోపు

అమ్మలూ,

టెక్సస్‌లో డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు తీసుకున్నారని తెలిసి చాలా సంతోషించాం. ఫోటోల్లో వాకిట్లో కరివేపాకు కుండీ చూశాను. దాన్ని ఇప్పుడే చక్రాల స్టాండు మీదకి ఎక్కించు, చలి ముంచుకొచ్చినప్పుడు లోపలికి లాక్కోవచ్చు.

ఉత్తరం నుంచి ఉన్నట్టుండి దిగే చలిగాలిని ఇక్కడివాళ్లు ‘బ్లూ నార్దర్’ అంటారు. నార్దర్ అంటే ఉత్తరపు గాలి, సరే. ఆ ‘బ్లూ’ ఎందుకంటే తలో మాటా చెప్తారు. ముందు కమ్ముకొచ్చే ముదురు నీలం మబ్బని కొందరు, అది దాటాక తేటపడే ఆకాశమని కొందరు, చలికి మనిషే నీలంగా మారతాడని ఇంకొందరు. నా ఓటు మబ్బుకే. కెనడా నుంచి ఇక్కడిదాకా గాలికి అడ్డంగా ఒక్క కొండల వరసా లేదు. ఉత్తర ధ్రువానికీ టెక్సస్‌కీ మధ్య ముళ్లకంచె ఒక్కటే అడ్డమని ఇక్కడ పాత సామెత. 1911 నవంబరు 11న ఓక్లహోమా సిటీలో పగలు 83 ఫారెన్‌హీట్ ఉన్నది అర్ధరాత్రిలోపు 17కి పడిపోయింది. అందుకే మధ్యాహ్నం ఎండ చూసి మోసపోకు, పిల్లల జాకెట్లు కార్లో ఉంచు.

రాత్రికి 25 ఫారెన్‌హీట్ కిందకి పోతుందని ఫోన్లో కనిపిస్తే ఆ సాయంత్రమే పెరటి కుళాయికి ఉన్న హోస్ ఊడదీసి, ఫోమ్ తొడుగు వెయ్యి. హోస్ అలాగే ఉంటే అందులో నిలిచిన నీళ్లు గడ్డకట్టి గోడలోపలి పైపు చీలుతుంది. చీలిన సంగతి మంచు కరిగి గోడ తడిసేదాకా తెలియదు. బయటి గోడవైపున్న సింకుల్లో వేడినీళ్లూ చన్నీళ్లూ సన్నగా కారనివ్వు, కింద అల్మరా తలుపులు తెరిచిపెట్టు. నీళ్ల బిల్లుకి చూసుకోవద్దు, ప్లంబర్ బిల్లు ముందు అదెంత. ఇంటి మొత్తానికీ నీళ్లు కట్టేసే వాల్వు ఎక్కడుందో ఈ శనివారమే వెతికి, మీ ఆయన చేత కూడా ఒకసారి తిప్పించు.

కరెంటు పోతే మాత్రం ఇంకో జాగ్రత్త. 2021 ఫిబ్రవరిలో డాలస్‌లో మైనస్ 2 ఫారెన్‌హీట్ దాకా పడి, లక్షల ఇళ్లకి కరెంటు లేదు. రాష్ట్రం లెక్క ప్రకారమే 246 మంది పోయారు. అందులో కొందరి ప్రాణం తీసింది కార్బన్ మోనాక్సైడ్, అంటే బొగ్గూ పెట్రోలూ మండితే వచ్చే, వాసన తెలియని విషవాయువు. ఎంత చలైనా గ్రిల్లు లోపలికి తేవద్దు, గరాజ్‌లో కారు స్టార్ట్ చేసి కూర్చోవద్దు. ఆ వాయువుని పసిగట్టే డిటెక్టర్, బ్యాటరీతో పనిచేసేది ఒకటి కొను.

ఆ రాత్రి ఏ అనుమానం వచ్చినా, టైమెంతయిందని చూడకుండా ఫోన్ చెయ్యి.

మీ పెద్దనాన్న