ఆదివారం సెంటర్‌కి వెళ్లే ముందు

చిన్నీ,

నీ మెసేజ్ చూశాను. విశాఖలో మీ హాస్టల్‌కి దగ్గర్లో ఎల్జీబీటీక్యూ వాళ్ల, అంటే గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ లాంటి వాళ్ల సెంటర్ ఉందనీ, ఆదివారాలు వాలంటీర్‌గా వెళ్దామని ఉందనీ, "కానీ నాకేం వచ్చు అత్తయ్యా, నేను వెళ్లి ఏం చేస్తాను" అనీ రాశావు. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావని ఉత్తరం రాస్తున్నాను. ఎందుకు వెళ్లాలనుకుంటున్నావో నేను అడగను. ఎవరొచ్చినా ఎందుకొచ్చావని అడగకపోవడం మా సెంటర్‌లో మొదటి నియమం. దాదాపు పదేళ్లుగా పాటించి పాటించి ఇంట్లో కూడా అలవాటైపోయింది. మీ మామయ్య బజారుకెళ్లి రెండు గంటలు ఆలస్యంగా వచ్చినా అడగడం మానేశాను.

"నాకేం వచ్చు" అన్నావు చూడు, దానికి జవాబు చెప్పాలంటే నా బ్యాంకు రోజుల సంగతి ఒకటి చెప్పాలి. గొప్పగా చెప్పుకునేది కాదు. 2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) వేసిన కేసులో సుప్రీంకోర్టు ట్రాన్స్‌జెండర్లను మూడో జెండర్‌గా గుర్తించింది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో, ఫారాలన్నిట్లో 'థర్డ్ జెండర్' గడి పెట్టమని రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకులకూ సర్క్యులర్ పంపింది. అది నా టేబుల్ మీదికీ వచ్చింది. చదివినట్టు సంతకం పెట్టి ఫైల్లో పెట్టేశాను. ఆ తర్వాత రెండు నెలలకేమో ఒకావిడ కౌంటర్‌కి వచ్చింది. చీర, బొట్టు, జడ. ఓటరు కార్డులో మాత్రం మగ పేరు, మీసం ఉన్న ఫోటో. "ఫోటో కలవడం లేదమ్మా" అని పంపేశాను. మళ్లీ వచ్చింది, మళ్లీ పంపాను. మూడోసారి "తెలిసినవాళ్లని ఎవరినైనా వెంట తీసుకురా" అన్నాను. "తెలిసినవాళ్లుంటే ఇన్నిసార్లు ఎందుకు తిరుగుతానమ్మా" అని కాగితాలు సర్దుకుని వెళ్లిపోయింది. మేనేజర్ దగ్గరికి తీసుకెళ్లి ఆ సర్క్యులర్ చూపిస్తే పని అయ్యేది. వెనక లైన్లో పదిమంది ఉన్నారు, చేయలేదు.

ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదని చెబితే సినిమాలా ఉంటుంది. నిజానికి ఏడాది పాటు పూర్తిగా మర్చిపోయాను. రిటైరయ్యాక నా స్నేహితురాలు, లాయరు, "మా సెంటర్‌లో ఫారాలు నింపేవాళ్లు లేరు, ఒక ఆదివారం రావే" అని పిలిచింది. ఇక్కడే హైదరాబాద్‌లో, కుట్టుమిషన్ల షాపు పైన రెండు గదులు. ఆ రోజు వచ్చిన ఇరవై మందిలో సగం మందిది అదే గొడవ. ఒక కార్డులో ఒక పేరు, ఇంకో కార్డులో ఇంకో పేరు. అప్పుడు గుర్తొచ్చింది ఆవిడ.

కొన్నాళ్లు కూర్చున్నాక నాకు అర్థమైంది ఒకటుంది. మన దగ్గర ఏ పనైనా ఎలా అవుతుంది చెప్పు? ఎవరో ఒక చుట్టం ఉంటారు. తహసీల్దార్ ఆఫీసులో బావ, ఆస్పత్రిలో నర్సు పిన్ని, అద్దె ఇంటికి మాట ఇచ్చే మామయ్య, అర్ధరాత్రి జ్వరమొస్తే బండి తీసే పక్కింటి అన్నయ్య. నీకు ఇరవై రెండేళ్లు, ఇప్పటికీ నీ ఆధార్ పనులన్నీ మీ నాన్నే చేస్తాడు కదా. ఇంట్లోంచి గెంటేసిన పిల్లకి అమ్మ చేతి అన్నంతో పాటు ఈ చుట్టరికం మొత్తం పోతుంది. టెన్త్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్లు ఊళ్లో బీరువాలో ఉండిపోతాయి, వెళ్లి తెచ్చేవాళ్లుండరు. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేవాళ్లుండరు. ఆ ఖాళీలో కూర్చోవడమే నీ పని. ప్రైడ్ యాత్రలో జెండా పట్టుకోవడానికి మనుషులు బాగానే దొరుకుతారు, మంచిదే. మంగళవారం పదకొండింటికి కలెక్టరేట్‌కి తోడు రమ్మంటే ఎవరూ దొరకరు.

కాబట్టి నీకు వచ్చింది చాలు. ఫారం చదవడం, స్కాన్ చేసి అప్‌లోడ్ చేయడం, ఇంగ్లీషులో ఒక మెయిల్ రాయడం, లైన్లో పక్కన నిలబడటం. 2019 చట్టం, 2020 నిబంధనలు వచ్చాక ట్రాన్స్‌జెండర్ గుర్తింపు కోసం ఆన్‌లైన్ పోర్టల్ పెట్టారు. కలెక్టర్ ఆఫీసు నుంచి సర్టిఫికెట్, కార్డు వస్తాయి. నా అనుభవంలో ముందు అది, తర్వాత ఆధార్, తర్వాత పాన్, ఆఖరున బ్యాంకు. వరస తిరగేస్తే ప్రతి కౌంటర్ దగ్గరా నాలాంటిది ఒకతె కూర్చుని వెనక్కి పంపుతుంది. మీ ఆంధ్రాలో ట్రాన్స్‌జెండర్లకి నెలకి 4 వేల పింఛను కూడా ఉంది కాబట్టి కాగితం సరిగ్గా ఉండటం ఇంకా ముఖ్యం. రూల్స్ మారుతూనే ఉంటాయి. నిరుడు ఎవరికో అయింది కదా అని చెప్పి పంపకు, ఆ రోజు పోర్టల్ తెరిచి చదివి చెప్పు.

మాకు జంటలు కూడా వస్తారు. పదకొండేళ్లుగా కలిసి ఉంటున్న ఇద్దరు ఆడవాళ్లు ఉన్నారు, ఒకరికి యాభై దాటాయి. 2023 అక్టోబర్ 17న సుప్రీంకోర్టు పెళ్లి హక్కు ఇవ్వలేమంది. ఇక రేపు తనకేమన్నా అయితే దాచుకున్న డబ్బు ఎప్పుడూ పలకరించని తమ్ముడికి పోతుందని ఆవిడ బెంగ. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ఒక వివరణ ఇచ్చింది. ఇలాంటి జంటలు జాయింట్ అకౌంట్ తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఏ అడ్డూ లేదని. అది ప్రింట్ తీసుకుని వాళ్లతో వెళ్లాను. కౌంటర్ అమ్మాయి ముందు తల అడ్డంగా ఊపింది, తర్వాత కాగితం చదివింది, తర్వాత లోపలికి వెళ్లింది. గంటన్నర పట్టింది. నేను ఇవతలి వైపు నిలబడి ఉన్నాను. కాళ్లు లాగేశాయి గానీ ఎంత బావుందో!

మాట సంగతి చెబుతాను. తెలుగులో మనకొక సౌకర్యం ఉంది, వాడుకో. 'వచ్చాడు' అన్నా, 'వచ్చింది' అన్నా ఎదుటి మనిషి ఎవరో నువ్వే తేల్చేసినట్టు. 'వచ్చారు' అంటే తేల్చే పని లేదు, పైగా మర్యాద. 'అది', 'ఇది' అని పిలిపించుకుని విసిగిపోయిన మనుషులు వాళ్లు. పద్దెనిమిదేళ్ల పిల్లల్ని కూడా 'మీరు' అను. నాలుగు వారాలకి వాళ్లే "నువ్వు అనమ్మా, పరాయిగా ఉంది" అంటారు, ఏ పేరుతో పిలవాలో కూడా అప్పుడే చెబుతారు. వాళ్లలో వాళ్లు సరదాకి కొన్ని మాటలు అనుకుంటారు. నువ్వు నవ్వు, కానీ ఆ మాటలు నోట్లోకి రానీకు.

మొదట్లో మేం బల్ల మీద ఒక రిజిస్టర్ పెట్టాం. పేరు, ఫోను, అడ్రస్. పెద్ద వయసు హిజ్రా ఒకావిడ దాన్ని చూసి వచ్చిన మెట్లే దిగిపోయింది. నాకు కోపమొచ్చింది, ఒక సంతకానికి ఇంత బెట్టా అని. లాయరమ్మ తర్వాత చెప్పింది. నిజాం కాలంలో, 1919లో, ఇక్కడ ఒక చట్టం వచ్చింది. హిజ్రాల పేర్లు, ఇళ్లు సర్కారు రిజిస్టర్‌లో రాసి ఉంచాలి. అలా రాసినవాళ్లు ఆడ బట్టలతో వీధిలో కనిపించినా, ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకోవచ్చు. వైజయంతి వసంత మోగ్లి మొదలైనవాళ్లు 2018లో కేసు వేస్తే 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. అంటే నేను ఆ రిజిస్టర్ బల్ల మీద పెట్టిననాటికి ఆ చట్టం పుస్తకంలో ఉంది! ఇప్పుడు మా దగ్గర పేరులో మొదటి అక్షరం, వయసు, వచ్చిన పని, అంతే. ఫోన్ చేయాల్సి వస్తే ఏ టైంకి చేయాలి, వేరేవాళ్లు ఎత్తితే ఏమని చెప్పాలి అనేది ముందే అడిగి పెట్టుకో. రైతుబజార్లో ఎదురుపడితే నువ్వు ముందు పలకరించకు. వాళ్లు పలకరిస్తే పలకరించు. ఫోటోలు, స్టేటస్‌లు అసలొద్దు.

నేను చేసిన తప్పులు రెండు చెబుతాను. ఒక పిల్ల రూమ్ అడ్వాన్స్ కోసం ఏడిస్తే 5 వేలు ఇచ్చాను. తిరిగి ఇవ్వలేక సిగ్గుపడి సెంటర్‌కి రావడమే మానేసింది. డబ్బు పోయిందని కాదు, ఆ పిల్ల పోయింది. అవసరం ఉంటే సెంటర్ ద్వారా ఇప్పించు, నీ చేత్తో వద్దు. రెండోది ఇంకా పెద్దది. ఇంజనీరింగ్ చదివే అబ్బాయితో "మీ అమ్మకి చెప్పెయ్, అమ్మ అర్థం చేసుకోదా" అన్నాను. అమ్మ అర్థం చేసుకోలేదు. ఫీజు ఆపేశారు, ఎవరో డాక్టరు 'మామూలు చేస్తాడు' అని తీసుకెళ్లారు. అలా మారుస్తామనడం వైద్యుల దుష్ప్రవర్తన కిందికే వస్తుందని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది, కానీ ఆ ఇంట్లో ఎవరికి తెలుసు? ఎప్పుడు, ఎవరికి చెప్పాలనేది వాళ్ల ఇష్టం. తిండి, చదువు ఎవరి డబ్బుతో నడుస్తున్నాయో వాళ్లకే తెలుసు. నువ్వు విను. చచ్చిపోవాలని ఉందనే మాట వినబడితే మాత్రం ఒక్కదానివే మోయకు, వెంటనే సెంటర్ పెద్దవాళ్లకి చెప్పు, పక్కన కూర్చుని సర్కారు వాళ్ల మానసిక సాయం నంబరు, టెలిమానస్ 14416కి ఫోన్ కలుపు.

2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధాలు నేరం కాదని 377 సెక్షన్ మీద తీర్పు వచ్చిన రోజు మేం మైసూర్‌పాక్ పంచుకున్నాం, డాన్సులు కూడా అయ్యాయి. ఆ నెలాఖరుకి ఇంటి ఓనర్ ఖాళీ చేయమన్నాడు. బోనాల్లో అమ్మవారు పూనే శివసత్తులుంటారు, వాళ్లలో ట్రాన్స్‌జెండర్లూ ఉంటారు. వాళ్ల కాళ్లకి నీళ్లు పోసి దండం పెట్టే మనిషే ఆ ఓనర్. ఇప్పుడు మూడో చోట ఉన్నాం. అందుకే నువ్వు వెళ్లే చోట బోర్డు కనిపించకపోతే కంగారుపడకు, మెట్లు, చెప్పులు వెతుకు.

ఇంకోటి, వాలంటీర్లుంటే అన్నీ నడుస్తాయని మాత్రం అనుకోకు. నారాయణగూడలో 2021లో ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ అనే క్లినిక్ మొదలైంది. 2025 మొదట్లో అమెరికా సాయం ఆగిపోగానే మూతపడింది. కొన్ని నెలలకి టాటా ట్రస్ట్స్ చేయూతతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు. ఆ మధ్య నెలల్లో హార్మోన్ మందుల గురించి మా దగ్గరికి వచ్చి అడిగేవాళ్లు. నేను టీ పెట్టగలను, ఫారం నింపగలను, డాక్టర్ని కాలేను కదా. వాళ్లని వేరే ఆస్పత్రులకి తీసుకెళ్లి ఓపీ లైన్లో నిలబడటమే చేశాం.

వారానికి రెండు గంటలు ఒప్పుకో, ఎక్కువ వద్దు. కానీ ఆ రెండు గంటలు పరీక్షలున్నా వెళ్లు. వస్తామని రాని మనుషుల్ని వాళ్లు బోలెడంతమందిని చూశారు. మొదటి నెల నీకు చీపురు, టీ గిన్నె తప్ప ఏమీ అప్పజెప్పరు, చిన్నబుచ్చుకోకు. ఒక స్టాప్లర్, రెండు నల్ల పెన్నులు, పాస్‌పోర్ట్ ఫోటోలు కత్తిరించడానికి చిన్న కత్తెర నీ బ్యాగులో వేసుకో. అక్కడ ఉన్నవి ఎప్పుడూ కనిపించవు.

ఆదివారం రాత్రి ఫోన్ చెయ్యి. ఎవరొచ్చారో చెప్పొద్దు. టీ ఎలా ఉందో చెప్పు.

మీ అత్తయ్య