క్యారమ్స్ ఆడుకోడానికి ఓ సెంటరు కావాలా?

ప్రశ్న: మాస్టారూ నమస్తే. మాది చీరాల దగ్గర పల్లె, అన్నీ మగ్గాల ఇళ్ళే. మా మరిది రెండేళ్ళ కిందట గుండెపోటుతో పోయాడు. ఆయన కొడుక్కి ఇప్పుడు 16. తండ్రి పోయిన మరుసటేడు టెన్త్ రాసి లెక్కలు, ఇంగ్లీషు తప్పాడు, ఇక చదవనని బట్టల హోల్‌సేల్ షాపులో చేరాడు. పొద్దున తొమ్మిదికి పోతే రాత్రి తొమ్మిది, బేళ్ళు దించడం ఎక్కించడం. మా తోటికోడలు మగ్గం నేస్తుంది, చిన్నపిల్ల ఏడో తరగతి. వీడు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడడు, అన్నం తిని ఫోన్ పట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంటాడు. రెండు నెలల నుంచి మాత్రం ఆదివారాలు ఇక్కడ ఎవరో నడుపుతున్న యూత్ సెంటరుకి పోతున్నాడు. మా ఆయన "టెన్త్ ఫెయిలైనోడికి క్యారమ్స్ ఆడుకోడానికి ఓ సెంటరు కూడానా, అదంతా పోరంబోకు బ్యాచ్" అంటాడు. అసలు అక్కడ పిల్లలకి ఏం ఒరుగుతుంది? పంపమంటారా, మాన్పించమంటారా?
— ఓ పెద్దమ్మ, చీరాల

జవాబు: అమ్మా, పంపండి. మీవారి మాట తప్పని కూడా అనను, ఎందుకంటే బయట నుంచి చూసేవాడికి అక్కడ కనబడేది నిజంగా క్యారమ్సే. నేను సోషల్ మాస్టారుగా రిటైరయ్యాక మా ఊళ్ళో ఇలాంటి గదిలోనే సాయంత్రాలు కూర్చుంటున్నా, మొదటి ఆర్నెల్లూ నాకూ అదే అనుమానం, ఇక్కడ మనం ఏం చేస్తున్నాం బాబూ అని.

ఒక కుర్రాడి సంగతి చెప్తాను, పేరు వద్దు. తల్లి జబ్బు చేసి పోయింది, తండ్రి లారీ మీద పోతే పది రోజులకోసారి వస్తాడు, వీడు అమ్మమ్మ దగ్గర. ఎనిమిదిలో బడి మానేసి టిఫిన్ సెంటర్లో పనికి కుదిరాడు, తెల్లారి నాలుగున్నరకి లేచి పిండి రుబ్బాలి. సాయంత్రం మా దగ్గరికొచ్చి ఏం చేసేవాడో తెలుసా, ఫ్యాన్ కింద చాపేసుకుని పడుకునేవాడు. అంతే. ఇంట్లో ఫ్యాన్ లేదు. మాతో ఉండే ఒకాయన "ఇది సత్రమా మాస్టారూ" అన్నాడు, నేను పడుకోనీండి అన్నా. మూడు నెలలు పడుకున్నాడండీ! తర్వాత మెల్లగా క్యారంబోర్డు పక్కన నిలబడటం, ఆ తర్వాత స్ట్రైకర్ పట్టుకోవడం.

ఒకరోజు బీటెక్ చదివే కుర్రాడొకడు వాడితో ఆడుతూ, కాయిన్ అంచుకి కొట్టి తిప్పితే ఎటు పోద్దిరా అని అడిగి, బోర్డు మీద పౌడర్ చల్లి వేలితో గీత గీసి చూపించాడు, ఇటు ఎంత వాలుగా పోయి తగిలిందో అటు అంతే వాలుగా లేస్తది, ఇదే మీ లెక్కల పుస్తకంలో కోణం అని. వాడు ఆ పౌడర్లో తనే ఇంకో గీత గీసి, స్ట్రైకర్ పెట్టి కొట్టి చూసుకున్నాడు, కాయిన్ పడలేదు, మళ్ళీ గీశాడు. ఆ రోజు వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి "అన్నా రేపు కూడా ఉంటావా" అన్నాడు. వచ్చినప్పటి నుంచీ వాడు తనంతట తాను అడిగిన మొదటి మాట అదేననుకుంటా.

మీ వాడి విషయంలో నేను పట్టుకునేది ఇదే. తండ్రి పోయిన పిల్లాడికి ఇంట్లో అందరూ దుఃఖంలోనే ఉంటారు, ఎవరి మొహం చూసినా అదే గుర్తొస్తుంది, పైగా "నువ్వే ఇప్పుడు ఇంటికి పెద్ద దిక్కు" అని వచ్చిన చుట్టమల్లా చెప్పి పోతారు, 14 ఏళ్ళ వాడికి! షాపులో వాడు కూలీ. ఈ రెండూ కాని చోటు ఒకటి కావాలి, అక్కడ నిన్న ఎందుకు రాలేదురా అని అడిగేవాడు ఒకడుండాలి. మా టిఫిన్ సెంటర్ కుర్రాడు మధ్యలో ఇరవై రోజులు కనబడలేదు, ఇద్దరు పిల్లలు సైకిలేసుకుని వెళ్ళి చూస్తే గ్రైండర్ కరెంటు షాక్ కొట్టి చెయ్యి వాచి ఇంట్లో ఉన్నాడు, యజమానికి భయపడి ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రికి తీసుకెళ్ళారు, యజమానితో మాట్లాడి సాయంత్రం పని మాన్పించారు. ఇదీ సెంటరు చేసే పని, బోర్డు మీద రాసుకోరు గానీ.

ఇక చదువు. వాడు ఎనిమిదిలో ఆపేశాడు కాబట్టి ఓపెన్ స్కూల్లో టెన్త్ కట్టించాం, 14 ఏళ్ళు నిండితే చాలు, కింది తరగతుల సర్టిఫికెట్ లేకపోయినా తీసుకుంటారు, తప్పిన సబ్జెక్టులే మళ్ళీ రాసుకోవచ్చు. మొదటిసారి ఐదు సబ్జెక్టుల్లో మూడే పాసయ్యాడు. రెండోసారి లెక్కల్లో 41. ఇప్పుడు ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్, రెండో సంవత్సరం (షాక్ కొట్టినోడే ఎలక్ట్రీషియన్ అవుతున్నాడని మేం ఏడిపిస్తాం). ఇప్పటికీ పొద్దున పిండి రుబ్బి వెళ్తాడు, అది మారలేదు.

మీ వాడికి ఇంత దూరం అక్కర్లేదమ్మా. రెండు సబ్జెక్టులే పోయాయి కదా, ఓపెన్ స్కూల్ జోలికి పోకండి, చదివిన బళ్ళోనే హెడ్మాస్టర్ గారి ద్వారా ఆ రెండింటికే ప్రైవేటుగా ఫీజు కట్టించండి, 35 తెచ్చుకుంటే టెన్త్ పాస్, అక్కణ్ణుంచి ఐటీఐ, పాలిటెక్నిక్, ఇంటర్ అన్నీ తెరుచుకుంటాయి. పరీక్షలు మార్చిలో అయినా ఫీజు గడువు చాలా ముందే అయిపోద్ది, చాలామంది అక్కడే ఒక ఏడాది పోగొట్టుకుంటారు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే వాడు చదవనన్నది చదువు మీద కోపంతో కాకపోవచ్చు, జీతం ఆగుద్దనే భయమే ఎక్కువ ఉంటుంది. మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద, తండ్రి పోయి తల్లి దగ్గర పెరిగే పిల్లలకి స్పాన్సర్‌షిప్ ఉంది, నెలకి 4,000 రూపాయలు, 18 ఏళ్ళు నిండేదాకా. ఇంటి ఆదాయం పల్లెల్లో ఏడాదికి 72,000, పట్టణాల్లో 96,000 మించకూడదు. మీ జిల్లా బాపట్లలో జిల్లా బాలల సంరక్షణ విభాగం అని ఉంటుంది, స్త్రీ శిశు సంక్షేమ శాఖ వాళ్ళది, అక్కడ అప్లికేషన్. మరణ ధ్రువీకరణ పత్రం, ఆదాయం సర్టిఫికెట్, ఆధార్లు, స్టడీ సర్టిఫికెట్ పట్టుకెళ్ళండి. చదువుకుంటున్న పిల్లలకే ఇస్తారు కాబట్టి ముందు చిన్నపిల్ల పేరు మీద పెట్టండి, పిల్లాడి సంగతి వాళ్ళనే అడగండి. కమిటీ ఓకే చెయ్యాలి, వెంటనే పడుద్దని ఆశపెట్టుకోవద్దు. కానీ పడితే మాత్రం వాడి భుజం మీద నుంచి సగం బేలు దిగినట్టే.

రాత్రుళ్ళు నిద్ర లేకపోయినా, చచ్చిపోతాను లాంటి మాట నోటెంట వచ్చినా వాణ్ణి ఒక్కణ్ణే వదలకండి, క్యారమ్స్ చూసుకుంటాయిలే అని కూడా ఊరుకోకండి. 14416కి ఫోన్ చెయ్యండి, టెలీమానస్ అని మనసు బాగోలేనివాళ్ళ కోసం ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. పిల్లల్ని ఎవరైనా కొట్టినా హింసించినా పిల్లల హెల్ప్‌లైన్ 1098.

మీవారి అనుమానాన్ని మాత్రం గౌరవిద్దాం, పేరులో యూత్ ఉన్న ప్రతిదీ మంచిది కాదు. ఒక ఆదివారం ఆయన్నే వెళ్ళి గంటసేపు కూర్చోమనండి, చెప్పాపెట్టకుండా. తలుపులు తీసి ఉంటాయా, బాధ్యత తీసుకునే పెద్దవాళ్ళు ఎవరు, ఆడపిల్లలు కూడా ధైర్యంగా వస్తున్నారా (వాళ్ళు రాని చోట ఏదో తేడా ఉంటుందని నా లెక్క), పిల్లల ఫొటోలు తీసి అయ్యో పాపం అని చందాలు అడుగుతున్నారా, ఎన్నికలొస్తే జెండాలిచ్చి ర్యాలీలకి తోలుకెళ్తున్నారా. చివరి రెండిట్లో ఏది కనబడినా మాన్పించెయ్యండి, నన్ను అడగక్కర్లేదు. అవేం లేకపోతే మీవారే ఒక బోర్డు ఆడి రమ్మనండి, పెదనాన్న ఓడిపోవడం చూస్తే వాడు ఇంట్లో కూడా రెండు మాటలు మాట్లాడతాడేమో.

ఇంకొకటి, మీ పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది కదా, అంత పెద్ద గ్రంథాలయాన్ని 1918లో మొదలుపెట్టింది ఊరి యువజన సంఘం కుర్రాళ్ళే. 1929లో గాంధీగారొచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ఆ రోజుల్లో కూడా ఎవరో ఒక పెదనాన్న, వీళ్ళకి పనీపాటా లేదా అనే ఉంటాడు. మీవారికి చెప్పండి, నా పేరు చెప్పకుండా.

ప్రశ్న: మా ఊళ్ళో శాఖా గ్రంథాలయం సాయంత్రం తాళమేసి ఉంటుంది, మేం నలుగురు కుర్రాళ్ళం అందులో పిల్లలకి చదువు చెప్దామనుకుంటున్నాం, ఇస్తారా?
— డిగ్రీ స్టూడెంట్, రేపల్లె

జవాబు: అడిగితే కదా తెలిసేది. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు మీ ఇళ్ళ వాళ్ళు కడుతూనే ఉన్నారు, ఆ ధైర్యంతో వెళ్ళండి. లైబ్రేరియన్ని కలిసి, ఆయన చేతిలో లేదంటే జిల్లా గ్రంథాలయ సంస్థకి కాగితం పెట్టండి, ఊరి పెద్దల సంతకాలు ఓ పది ఉంటే మంచిది. తాళం ఎవరి దగ్గర ఉంటుంది, కరెంటు బిల్లు ఎవరు కడతారు, ఈ రెండూ ముందే కాగితం మీద రాసుకోండి, గొడవలన్నీ అక్కడే వస్తాయి. మేం మొదలుపెట్టినప్పుడు మా దగ్గరున్నవి రెండు చాపలు, ఒక ట్యూబ్‌లైటు, అంచు విరిగిన క్యారంబోర్డు. ఫ్యాన్ మాత్రం మంచిది పెట్టించండి.