పాత జీపు వెనక హౌసింగ్ ఇంట్లోనే విప్పి బాగుచేసుకోవచ్చా?

మీ నాన్నగారి పాత మహీంద్రా జీపు వెనక నుంచి కూత వస్తోందనీ, షెడ్డులో హౌసింగ్ (వెనక ఇరుసు, దాని పళ్ళచక్రాలు ఉండే ఇనుప డొక్క) మొత్తం మార్చాలంటున్నారనీ, ఇంట్లో విప్పుకోవడం కుదురుతుందా అనీ అడిగారు. కుదురుతుంది. నేను విప్పాను, అలాంటి జీపుకే, నరసరావుపేటలో మా ఇంటి వసారాలో. చేసేది బ్యాంకు ఉద్యోగం, మెకానిక్‌ని కాదు.

ముందు ఆ కూత ఎప్పుడు వస్తోందో చెవి పెట్టి వినండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒక రకంగా, వదిలినప్పుడు ఇంకో రకంగా ఉంటే అనుమానం ఇంజన్ తిప్పుడుని చక్రాలకి మళ్ళించే క్రౌన్ (పెద్ద పళ్ళచక్రం), పినియన్ (చిన్నది) వైపే. మలుపు తిరిగేటప్పుడు మాత్రమే టకటకమంటే లోపలి స్టార్ పినియన్లు, అంటే మలుపులో రెండు చక్రాల వేగం తేడా సర్దే చిన్న పళ్ళచక్రాలు. గేరు వేయగానే ఠంగుమంటే మాత్రం హౌసింగ్ జోలికి పోకుండా జాయింట్ షాఫ్టు (గేర్ల నుంచి హౌసింగ్‌కి వచ్చే కడ్డీ) క్రాస్‌లు, అంటే దాని కీళ్ళు, ఊపి చూడండి. క్రాస్ పోతే హౌసింగ్ విప్పించినవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. షెడ్డులో ఈ మాట ఎవరూ చెప్పరు. ఎందుకు చెబుతారు?

డిఫరెన్షియల్ (హౌసింగ్ లోపలి ఈ పళ్ళచక్రాల సెట్టు) అంటే అందరికీ టెన్షన్. నన్నడిగితే అసలు యముడు హబ్బు, చక్రం బిగించే మధ్య ముక్క. ఈ జీపుల్లో చక్రాన్ని తిప్పే ఆక్సిల్ షాఫ్టు కొస శంకువులాగా సన్నబడుతూ పోతుంది, హబ్బు దాని మీద బిగుసుకుని కూర్చుంటుంది. నాది 1984 బండి. అన్నేళ్ళు కూర్చున్నది పొమ్మంటే పోతుందా? మామూలు మూడు కాళ్ళ పుల్లర్ (బిగుసుకున్నదాన్ని లాగే పనిముట్టు) పెడితే కాళ్ళు జారిపోయాయి, బ్రేకు డ్రమ్ము అంచు కాస్త విరిగింది కూడా. విజయవాడ ఆటోనగర్ వెళ్ళి, చక్రం బోల్టులకే బిగించే పుల్లర్ అద్దెకు తెచ్చాను. శనివారం పొద్దున్నుంచి బిగించడం, సుత్తితో దాని కొస మీద కొట్టడం. సాయంత్రానికి చేతులు బొబ్బలెక్కాయి గానీ హబ్బు వెంట్రుకవాసి కదలలేదు.

చీకటి పడ్డాక మా మావయ్య వచ్చాడు. పాతికేళ్ళు లారీ తోలిన మనిషి. కాసేపు చూసి, "వదిలెయ్ అల్లుడూ. బిగువు తియ్యకుండా అలాగే ఉంచి పడుకో. షాఫ్టు కొస నట్టు మాత్రం పూర్తిగా తీసెయ్యకు, నాలుగు చుట్లు ఉండనీ" అన్నాడు. నట్టు ఎందుకో అడిగితే రేపు చెబుతానన్నాడు.

రాత్రి రెండింటికి ఢామ్మని పేలింది. వీధి కుక్కలన్నీ ఒక్కసారి అందుకున్నాయి. ఎదురింటాయన ట్రాన్స్‌ఫార్మర్ పేలిందనుకుని కరెంటాఫీసుకు ఫోన్ కూడా చేశాడట. నేను టార్చి పట్టుకుని వసారాలోకి వెళ్ళి చూస్తే, హబ్బూ డ్రమ్మూ కాస్త ముందుకొచ్చి ఆ నట్టుకి ఆనుకుని ఉన్నాయి. అదే లేకపోతే పుల్లర్‌తో సహా ఎగిరి మా ఆవిడ మందారం కుండీల మీద పడేవి. పగలైతే నా మోకాళ్ళ మీద. మావయ్య మర్నాడు వచ్చి చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

ఆ తర్వాతి పని బలంతో కాదు, ఓపికతో. షాఫ్టులు బయటికి లాగి, బేరింగ్ క్యాపులు తీసేముందు వాటి మీద అక్షరాలు చూసుకోండి. ఏ వైపుది ఆ వైపే, అదే దిశలో పడాలి. షిమ్ముల (సందు సరిచేసే పల్చటి రేకుల) దగ్గర నేను తప్పు చేశాను. రెండు పక్కలవీ కలిపి ఒకే టిఫిన్ డబ్బాలో వేశాను. దానికి శిక్షగా రెండు ఆదివారాలు పోయాయి. క్రౌన్‌కి, పినియన్‌కి మధ్య ప్లే (పళ్ళ మధ్య సందు) ఐదారు థౌలు, అంటే అంగుళంలో వెయ్యో వంతులు ఐదారు, ఉండాలి. ఎక్కువైతే షిమ్ము ఒక పక్క నుంచి తీసి రెండో పక్క వేయాలి. ఆ షిమ్ములేమో బేరింగ్ వెనకాల ఉంటాయి. మార్చిన ప్రతిసారీ బేరింగ్ లాగితే అదీ పోతుంది. అందుకని పాత బేరింగ్‌ల లోపలి వ్యాసం లేత్ షాపులో కాస్త గ్రైండ్ చేయించి, చేత్తో ఎక్కేలా చేసుకున్నాను. కొలతలన్నీ వాటితో చూసుకుని, చివర్లో కొత్తవి కొట్టాను.

డయల్ గేజ్ (ఈ సందు కొలిచే ముల్లు మీటరు) లేకుండా మాత్రం మొదలుపెట్టకండి. నేను అంతకుముందు వెళ్ళిన ఒక షెడ్డులో ఆయన బొటనవేలితో క్రౌన్ అటూ ఇటూ ఆడించి "సరిపోయింది సార్" అన్నాడు. ఆరు నెలలు తిరక్కుండా కూత మళ్ళీ మొదలైంది. బొటనవేలికి థౌలు తెలుస్తాయా?

క్రౌన్, పినియన్ మారిస్తే జతగానే మార్చండి, ఒక్కదాన్నే కాదు. నా బండిలో క్రౌన్‌కి 43 పళ్ళు, పినియన్‌కి 8. ఈ రెండు అంకెలనూ శేషం లేకుండా భాగించే అంకె ఒకటి తప్ప ఇంకోటి లేదు కాబట్టి ప్రతి పన్నూ అవతలి ప్రతి పన్నుతోనూ కలిసి అరుగుతుంది. కొత్తదానికి పాతదాన్ని కట్టబెడితే కాపురం నిలవదు. నేను జత మార్చలేదు, బేరింగ్‌లు, సీళ్ళు (ఆయిల్ కారకుండా ఆపే రింగులు) మాత్రమే వేశాను. పళ్ళు ఎక్కడ ఆనుతున్నాయో చూడ్డానికి పసుపు ఆయిల్ కలర్ రాసి తిప్పితే మచ్చ దాదాపు పన్ను మధ్యలో పడింది. 60 దాటితే ఇప్పటికీ సన్నగా కూస్తుంది, నేను రేడియో పెట్టుకుంటాను.

ఆయిల్ మాత్రం ఈపీ 90 (బాగా ఒత్తిడి తట్టుకునే రకం) గేర్ ఆయిలే పోయండి, మిగిలిపోయిన ఇంజన్ ఆయిల్ కాదు. అక్కడ పళ్ళు ఒకదాని మీద ఒకటి జారుతూ రాసుకుంటాయి. ఈ గేర్ ఆయిల్ గంధకం కంపుకి ఇంట్లో తిట్లు తప్పవు.

అన్నట్టు, మీ బండికి చక్రాల లోపల ఆయిల్ కారుతోందా? అయితే సీలు మార్చేముందు హౌసింగ్ మీద బ్రీదర్ (లోపలి గాలి పోయే చిన్న రంధ్రం) చూడండి. నాది నల్లరేగడి మట్టితో పూడిపోయి రాయిలా ఉంది. లోపలి గాలి వేడెక్కి పోయే దారి లేక ఆయిల్‌ని సీలు దాటించి బ్రేకుల్లోకి తోస్తుంది. నేను మూడు సార్లు సీళ్ళు మార్పించుకున్నాను, ముగ్గురు మెకానిక్‌లలో ఒక్కరూ అటు చూడలేదు. చివరికి మా అబ్బాయి పిన్నీసుతో పొడిచి తీశాడు.