చిట్టీ, కారు కొనే ముందు మీ అమ్మని ఎక్కించి చూడు

చిట్టీ,

కారు కొంటున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్లో చెప్పింది. దాని గొంతులో సగం సంతోషం, సగం టెన్షన్. నాకూ అంతే. సైకిల్ మీద నుంచి పడి మా వాకిట్లో మోకాలు పట్టుకుని ఏడ్చిన పిల్ల సొంత సంపాదనతో కారు కొంటోందంటే పెద్దమ్మకి గర్వం ఉండదా? నిద్ర పట్టక నువ్వు పంపిన ఫొటోలన్నీ మళ్లీ మళ్లీ చూశాను. నల్ల రంగు, టర్బో ఇంజిన్, సన్‌రూఫ్. ఇరవై ఫొటోలు పంపావు, ఒక్కదాంట్లోనూ వెనక సీటు లేదు. వాట్సాప్‌లో రాస్తే సగం చదివి బొటనవేలు బొమ్మ పెట్టేస్తావని మెయిల్ చేస్తున్నా. తీరిగ్గా చదువు.

ముందు తేలిక సంగతులు. పెట్రోలే తీసుకో, అందులో రెండో ఆలోచన వద్దు. నిజాంపేట నుంచి ఆఫీసుకి పోనూ రానూ పాతిక కిలోమీటర్లు, నెలకోసారి ఖమ్మం, ఎంత తిరిగినా నెలకి వెయ్యి కిలోమీటర్లు దాటదు. ఆ ట్రాఫిక్‌లో లీటరుకి పద్నాలుగు వచ్చినా, లీటరు 107 రూపాయల లెక్కన నెలకి ఏడున్నర వేలు. డీజిల్ అయితే ఒక రెండు వేలు మిగులుతాయేమో కానీ బండి ధరలోనే లక్షకి పైగా ఎక్కువ పెట్టాలి, అది తిరిగి రావడానికి ఐదేళ్లు. పైగా 2020 తర్వాత వచ్చిన డీజిల్ బళ్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది, రోజూ పది పన్నెండు కిలోమీటర్లు ఆగుతూ సాగుతూ నడిపితే అది పూడుకుపోతుంది. కంపెనీ వాళ్లు చెప్పే మైలేజీ మాత్రం నమ్మకు. బంకుల్లో ఇప్పుడు వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, దాంతో మైలేజీ ఇంకాస్త తగ్గుతుంది.

ఇంజిన్‌కి అదనపు బలమిచ్చే టర్బో తప్పని అనను. నలుగురు మనుషులు, సామాను, ఏసీ వేసుకుని శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు దాని సుఖం తెలుస్తుంది. కానీ నువ్వు ఏడాదికి ఎన్నిసార్లు ఘాట్ ఎక్కుతావు? కూకట్‌పల్లి సిగ్నల్లో నిలబడ్డానికి టర్బో ఎందుకే? ఆటోమేటిక్ మాత్రం తీసుకో, నీ ఎడమ మోకాలు నీకు దండం పెడుతుంది. చవకగా వచ్చే ఆటోమేటిక్ రకం ఒకటుంది, ఏఎంటీ అంటారు, మామూలు గేర్లనే మోటార్లు మారుస్తాయి. దాంట్లో గేరు మారినప్పుడల్లా తల ముందుకీ వెనక్కీ ఊగుతుంది, కొందరికి అలవాటైపోతుంది, నాకు కాలేదు. ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆగినప్పుడు వెనక్కి జారకుండా పట్టే హిల్ హోల్డ్ ఉందో లేదో అడుగు.

ధర గురించి ఒక్క మాట. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు పొడుగు, 1200 సీసీ లోపు పెట్రోల్ ఇంజిన్ ఉన్న బళ్లకి జీఎస్టీ 18 శాతం. ఈ రెండింట్లో ఏది దాటినా 40. బ్రెజా పొడుగు నాలుగు మీటర్ల లోపే, ఇంజిన్ మాత్రం లీటరున్నర, అందుకని దానికి 40 పడుతుంది. నెక్సాన్‌కి, వెన్యూకి పెట్రోల్‌లో 18. పక్కపక్కన నిలబెడితే ఒకే సైజు బళ్లలా కనిపిస్తాయి, బిల్లులో తేడా ఎక్కడిదా అని తల గోక్కోకు.

లోను ఐదేళ్లకి మించి పెట్టకు. బ్యాంకులో ముప్పై ఏళ్లు ఇదే పని చేశాను కాబట్టి చెప్తున్నా. పది లక్షలు 9 శాతానికి తీసుకుంటే ఐదేళ్లకి నెలకి 20,760, ఏడేళ్లకి 16,090. ఆ నాలుగున్నర వేలు తగ్గిందని మురిసిపోతావు, మొత్తం మీద లక్ష పైనే ఎక్కువ వడ్డీ కడతావు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా పూర్తిగా తెలియదు.

2012లో నేను పాత మారుతీ 800 అమ్మేసి పెద్ద కారు కొన్నాను. అప్పట్లో పెట్రోలుకీ డీజిల్‌కీ లీటరుకి ముప్పై రూపాయల దాకా తేడా, ఆఫీసులో అందరూ డీజిల్ డీజిల్ అని ఊదరగొట్టారు. మీ పెదనాన్నకి స్టీరింగ్ అంటేనే భయం, ఏదన్నా నీ ఇష్టమే అన్నారు. కంపెనీ పేరెందుకులే, బంగారు రంగు డీజిల్ సెడాన్, నేలని అంటుకుని పాకుతున్నట్టు ఉండేది. దాన్ని చూస్తే నాకే కడుపు నిండేది. ఇంటికి తెచ్చిన రోజు నిమ్మకాయలు తొక్కించి, మీ అమ్మమ్మని ఎక్కమన్నాం. అప్పటికి ఆవిడకి డెబ్బై ఒకటి. కొత్త బండి కదా అని చెప్పులు బయటే విడిచి, తలుపు పట్టుకుని వంగి, సగం దూరం దిగాక ఇక ఆపుకోలేక సీట్లో దబ్బున కూలబడింది. కూలబడి నవ్వింది. మేమూ నవ్వాం. దిగేటప్పుడు ముందు సీటు పట్టుకుని మూడుసార్లు లేవబోయి లేవలేకపోయింది, మీ పెదనాన్న చెయ్యి పట్టి లాగారు. నేనేమన్నానో తెలుసా? "త్వరగా అమ్మా, వెనక బళ్లు ఆగిపోయాయి" అన్నాను.

ఆ తర్వాత గుడికి వెళ్దామంటే ఏసీ పడదంది. పెళ్లికి వెళ్దామంటే కడుపులో తిప్పుతుందంది. ఏటా శ్రీరామనవమికి భద్రాచలం వెళ్లకపోతే అన్నం సహించని మనిషి, ఆ ఏడు కల్యాణం టీవీలో చూస్తాలే అంది. వయసు మీద పడుతోంది, ఓపిక తగ్గింది అనుకున్నాం. మరుసటి ఏడూ అంతే. రెండు నవములు అట్లాగే పోయాయి.

ఒకరోజు బ్యాంకు నుంచి మధ్యాహ్నం బయటికొస్తే కూరగాయల మార్కెట్ దగ్గర ఆటోలోంచి ఒకావిడ దిగుతోంది. చేతిలో సంచి. సీటు అంచుకి జరిగి, కాళ్లు రెండూ నేలకి ఆనించి, ఇంట్లో మంచం మీద నుంచి లేచినంత తేలిగ్గా లేచి నిలబడింది. ఎవరో అనుకున్నాను, మా అమ్మ. ఓపిక లేదని చెప్పిన మనిషి, వంకాయలు బేరమాడుతోంది. ఇంటికెళ్లి గట్టిగానే అడిగాను. అప్పుడు చెప్పింది: "ఆటో అయితే నేనే దిగుతానే. నీ కారైతే ఎవరో ఒకరు లాగాలి."

అంతే అంది. నేను ముచ్చటపడి కొన్న బండి, ముఖం మీద ఎట్లా చెప్తుంది?

నష్టానికి అమ్మేసి ఎత్తుగా ఉండే చిన్న పెట్రోల్ బండి తీసుకున్నాను. ఆఫీసులో వెక్కిరించారు, డబ్బాలా ఉందని. దాంట్లో అమ్మ ఒక్క నవమికి భద్రాచలం వచ్చింది. తర్వాతి నవమికి లేదు.

మొన్న దసరాకి మీ అమ్మ సోఫాలోంచి ఎట్లా లేచిందో చూశావా? రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, ఒక నిమిషం ఆగి, అప్పుడు లేచింది. అది నీకు చెప్పదు. మా ఇంటి ఆడవాళ్లు ఎవరూ చెప్పరు.

కాబట్టి షోరూమ్‌కి దాన్ని తీసుకెళ్లు, ఎప్పుడూ కట్టుకునే చీరలోనే. వెనక తలుపు తీసి ముందు కూర్చోమను, తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోమను. సీటు మరీ కిందికి ఉంటే ఎట్లాగో తెలుసుగా, మరీ ఎత్తుగా ఉంటే స్టూలెక్కినట్టు ఎక్కాలి, అదీ కష్టమే. పక్కకి తిరిగి కూర్చున్నప్పుడు పాదాలు రెండూ నేలకి తగలాలి. గడప వెడల్పుగా ఉంటే చీర కుచ్చిళ్లు దానికే రాసుకుంటాయి. మూడుసార్లు ఎక్కి దిగమను, మొదటిసారి మొహమాటానికి బానే ఉంది అంటుంది, మూడోసారి మొహం చూస్తే తెలుస్తుంది. డ్రైవరు సీటు మన అల్లుడి పొడుగుకి జరిపి ఆ వెనక కూర్చోబెట్టు. టాటా పంచ్‌లో తలుపులు 90 డిగ్రీలు తెరుచుకుంటాయి, ముసలివాళ్లకి అది వరమే, కానీ మీ అపార్ట్‌మెంట్ సెల్లార్లో రెండు స్తంభాల మధ్య ఆ తలుపు ఎంత తెరుచుకుంటుందో టేపు పెట్టి కొలుచుకో.

సన్‌రూఫ్ మాట మళ్లీ ఎత్తకు. మే నెల హైదరాబాద్ ఎండ నెత్తిన పెట్టుకోవడానికి అదనపు డబ్బా? అందులోంచి పిల్లల్ని నిలబెట్టి పోతుంటారు, చూస్తేనే నాకు గుండె ఆగుతుంది. ఆ డబ్బు ఆరు ఎయిర్‌బ్యాగులున్న వేరియంట్‌కి పెట్టు. బళ్లని గుద్దించి చూసి భద్రతకి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్ 2023లో మొదలైంది, ఏ బండికి ఎన్ని స్టార్లో వాళ్ల సైట్లోనే ఉంటుంది. బుజ్జిగాడికి వెనక సీట్లో ఐసోఫిక్స్ కొక్కేలకి బిగించే పిల్లల సీటు బండితో పాటే కొను. వాడు ఒడిలో అయితేనే పడుకుంటాడని నాతో అనకు. ముందు సీట్లో ఒడిలో పిల్లవాడుంటే పేలే ఎయిర్‌బ్యాగు వాడి మీదే పేలుతుంది. ఇది మాత్రం తిట్టే చెప్తున్నా.

ఇన్సూరెన్స్ షోరూమ్ వాళ్ల దగ్గరే చేయించాలని రూల్ లేదు, బయట కూడా అడుగు. నీళ్లు పోయి ఇంజిన్ పాడైతే ఆ ఖర్చు ఇచ్చే ఇంజిన్ ప్రొటెక్షన్ కలిపి తీసుకో. 2020 అక్టోబర్ వానలకి హైదరాబాద్‌లో ఎన్ని బళ్లు మునిగాయో గుర్తుందిగా. నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చెయ్యకు, దిగి నెట్టించు. ఇంజిన్‌లోకి పోయిన నీరు నలగదు, లోపలి రాడ్లే వంగిపోతాయి. బండిని చూసుకున్నందుకని షోరూమ్ వాళ్లు బిల్లులో హ్యాండ్లింగ్ చార్జీలంటే కట్టనని చెప్పు. డెలివరీ పగటిపూట తీసుకో, బండి ఏ నెలలో తయారైందో చూసి మరీ సంతకం పెట్టు.

షోరూమ్‌కి శనివారం వెళ్తున్నారని మీ అమ్మ చెప్పింది. నేనూ వస్తా. పొద్దున్నే ఐదింటి బస్సెక్కితే పదింటికల్లా ఎల్బీ నగర్లో ఉంటాను, అక్కడి నుంచి మియాపూర్ దాకా ఒకటే మెట్రో. స్టేషన్‌కి అల్లుణ్ణి పంపు, స్కూటర్ అయినా ఫర్వాలేదు. మీ అమ్మకి గోంగూర తెస్తున్నానని చెప్పు, మళ్లీ బజార్లో కొనేస్తుంది.

మీ పెద్దమ్మ