రామప్ప వ్యాసం రాసిన తమ్ముడికి

హనుమకొండ

తమ్ముడూ,

రామప్ప గుడి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. నీళ్లలో తేలే ఇటుకలు, పునాదిలో ఇసుక నింపిన పద్ధతి ఇంత విడమరిచి చెప్పేవాళ్లు తక్కువ. ఇంత రాసినా గూగుల్‌లో వెతికితే దొరకడం లేదంటున్నావు. దొరకదు మరి. నీ రాతకేమీ వంక లేదు, పెట్టిన తీరే బాగాలేదు.

డీటీపీలో అను ఫాంటుతో కొట్టించిన పేజీలను ఫొటోలుగా పెట్టావు. మనకది తెలుగు, సెర్చ్ ఇంజిన్‌కు బొమ్మ. బొమ్మలోని అక్షరాలను అది సరిగ్గా పోల్చుకుంటుందన్న భరోసా లేదు. పోనీ ఆ ఫైలులోని రాతనే కాపీ చేసి అతికిద్దామన్నా, ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరం వెనక దాగి ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతమే. కాబట్టి మొత్తం యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే అక్షర సంకేతాల్లోకి, మార్చు. కన్వర్టర్లు ఉన్నాయి కానీ వాటిని గుడ్డిగా నమ్మకు. వత్తుల దగ్గర ఆగి ఆగి సరిచూడు. 'రుద్రుడు'లో ఒక్క వత్తు జారినా, ఆ పేరుతో వెతికేవారికి నీ వ్యాసం లేనట్టే.

ఇక శీర్షిక. 'శిల పాడిన జోల' వినడానికి బాగుంది, కానీ ఆ మాటలతో వెతికేదెవరు? దాన్ని వ్యాసం లోపలికి పంపి, పైన 'రామప్ప గుడి: ఇసుక పునాది, తేలే ఇటుకలు' అని పెట్టు. లోపల 'రామప్ప గుడిని ఎవరు కట్టించారు?' అని ఒక ఉపశీర్షిక వేసి, కిందనే సూటిగా జవాబివ్వు: 'కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు.' కథంతా ఆ తరువాత చెప్పుకో. ఇలాంటి సూటి జవాబులనే గూగుల్ ఒక్కోసారి ఫలితాల పైన పెట్టి చూపిస్తుంది. చూపించి తీరుతుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేరు. ఇస్తామని డబ్బు అడిగేవాళ్లను నమ్మకు.

అన్నట్టు, నీ వ్యాసంలో పాలంపేట పేరే లేదు, ములుగు జిల్లా ఊసూ లేదు! గుడి ఏ ఊళ్లో ఉందో చెప్పకుండా అన్ని పేజీలు ఎలా నడిపించావయ్యా? 2021లో యునెస్కో జాబితాకెక్కిన రుద్రేశ్వరాలయం ఇదేనని కూడా ఒకచోట చెప్పు. ఆ పేరుతో వెతికేవాళ్లూ ఉంటారు. అలాగని వాక్యానికొకసారి 'రామప్ప' అని జపం చేయకు. గూగుల్ దాన్ని మోసంగా లెక్కగడుతుంది. పేజీ వెనక దాచిపెట్టే కీవర్డుల జాబితాను ర్యాంకుల కోసం చూడటం లేదని అది 2009లోనే చెప్పింది.

పొడవుకు భయపడి కోతలు పెట్టకు, పది పేజీలుగా ముక్కలూ చేయకు. ఫొటోల కింద వివరణ రాయి. వాటి ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మలో ఏముందో సెర్చ్ ఇంజిన్‌కు మాటల్లో చెప్పే రాతలో) 'రామప్ప గుడి ద్వారం దగ్గర నల్లరాతి మదనిక' అన్నట్టు ఉన్నది ఉన్నట్టు పెట్టు. నీ పేరు, తేదీ కనబడనివ్వు.

అంతా అయ్యాక, సైటు నడిపేవాళ్లకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో పేజీ చిరునామా ఇచ్చి ఇండెక్స్ చేయమని, అంటే వెతికే జాబితాలో చేర్చుకోమని, అడుగు. కొన్ని రోజులు పట్టవచ్చు, వారాలూ పట్టవచ్చు. ఈలోగా పాకాల చెరువు వ్యాసం పూర్తి చేసి, అందులోంచి దీనికో లింకు ఇవ్వు.

ఆశీస్సులతో,
మీ అన్న